స్టోమా బ్యాగ్ బరువు నుంచి టీపీఎన్ ఆర్డర్ దాకా: పసిబిడ్డకు జింక్ లెక్క వేసేదెలా

టీపీఎన్ అంటే నోటితో కాకుండా రక్తనాళం ద్వారా ఎక్కించే పోషణ. దాని ఆర్డర్ షీట్‌లో జింక్ దాదాపు చివరి వరుసలో ఉంటుంది. గ్లూకోజ్, అమైనో యాసిడ్లు, లిపిడ్, సోడియం, పొటాషియం, కాల్షియం అన్నీ లెక్కలేసి రాసేసరికి డాక్టరుకు పదిమంది నుంచి పిలుపులు వచ్చి ఉంటాయి. "ట్రేస్ ఎలిమెంట్స్, కిలోకి 1 ఎంఎల్" అని రాసి సంతకం పెట్టేస్తారు. జింక్, రాగి లాంటి ఖనిజాలు కొద్దికొద్దిగా కలిపి ఉన్న ద్రావణం అది. నెలలు నిండిన బిడ్డ, పేగు మామూలుగా ఉన్న బిడ్డ అయితే అది చాలు. పేగును పొట్ట మీదికి తెచ్చి స్టోమా పెట్టిన బిడ్డకు మాత్రం చాలదు. బయటికి పోయేదాన్ని కొలిచి, ఆ అంకెను జింక్ వరుస దాకా తీసుకుపోవాలి. మా యూనిట్‌కి కొత్తగా వచ్చే సిస్టర్లకు, పీజీలకు, వాళ్లు అడిగినా అడక్కపోయినా నేను చెప్పే విషయం ఇదే.

నేను తిరుపతిలో నవజాత శిశువుల ఐసీయూలో స్టాఫ్ నర్సుని. మాది పాకాల. శ్రీకాళహస్తి, సత్యవేడు, పీలేరు, పలమనేరు, అటు రైల్వే కోడూరు నుంచి కూడా మా దగ్గరికి బిడ్డలు వస్తారు. పేగు కుళ్లిపోయే ఎన్‌ఈసీ జబ్బుతో కొందరు, పుట్టుకతోనే పేగు మూసుకుపోయి కొందరు, పేగు మెలిపడి కొందరు. ఆపరేషన్ థియేటర్ నుంచి తిరిగి వచ్చేటప్పటికి ఆ చిన్న పొట్ట మీద ఎర్రగా, తడిగా గులాబీ మొగ్గంత పేగు ముక్క కనిపిస్తుంది. తల్లులు మొదటిసారి చూసి మొహం తిప్పేసుకుంటారు. "అది పుండు కాదు మా, తాకినా బిడ్డకు నొప్పి తెలీదు" అని చెప్పి, చెయ్యి పట్టుకుని దగ్గరికి తీసుకుపోవాలి. ఆ పని కూడా మనదే.

డోసు నిర్ణయించేది డాక్టరే, అందులో అనుమానం లేదు. కానీ ఆ నిర్ణయానికి ఆధారం చార్టులో మనం వేసే అంకె. అందుకే కొలత గురించే ఎక్కువ రాస్తాను.

ముందు, జింక్ ఎందుకు పోతుందో తెలుసుకోవాలి. తిన్న తిండిలోని జింక్ పేగు పైభాగంలో, అంటే డుయోడినం, జెజునంలో ఎక్కువగా ఒంటికి పడుతుంది. అదే సమయంలో ప్యాంక్రియాస్ రసంతో, పేగు రసాలతో ఒంట్లో ఉన్న జింక్ పేగులోకి దిగుతూ ఉంటుంది. మామూలు పేగైతే దాంట్లో చాలా మటుకు కిందికి పోయే దారిలో మళ్లీ పీల్చుకుంటుంది. దారి మధ్యలో స్టోమా పెడితే ఆ అవకాశం పోయినట్టే. అందుకే "నోటికి చుక్క పాలు కూడా పట్టడం లేదు కదా, ఇంక జింక్ ఎక్కడ పోతుంది?" అన్న ప్రశ్నకు జవాబు: బ్యాగ్‌లోకి పోతుంది. ఆ పచ్చటి నీళ్లలో ఉన్నది బిడ్డ ఒంట్లోని జింకే.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు ఇంకో కష్టం ఉంది. కడుపులో బిడ్డ జింక్‌ను ఎక్కువగా కూడబెట్టుకునేది చివరి మూడు నెలల్లో. 28 వారాలకే పుట్టేసిన బిడ్డకు ఆ మూట కట్టుకునే టైమే దొరకలేదు. పైగా ఆపరేషన్ గాయం మానాలి, తొందరగా పెరగాలి. కొత్త కణం పుట్టాలన్నా, చర్మం మూసుకోవాలన్నా జింక్ కావాలి.

స్టోమా ఎక్కడ పెట్టారో కేస్ షీట్‌లో తప్పక చూడండి. జెజునోస్టమీ (చిన్న పేగు మధ్యభాగంలో పెట్టే స్టోమా), ఐలియోస్టమీ (చిన్న పేగు చివరి భాగంలో పెట్టేది) అయితే నష్టం ఎక్కువ. మలద్వారం లేకుండా పుట్టిన బిడ్డకు పెట్టే కొలోస్టమీ (పెద్ద పేగులో స్టోమా) అయితే చిన్న పేగంతా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి ఈ గొడవంతా సాధారణంగా అక్కర్లేదు. "స్టోమా కేసు" అని డ్యూటీ మారేటప్పుడు ఒక్క మాటలో హ్యాండోవర్ ఇస్తే ఈ తేడా మాయమైపోతుంది. ఏ పేగు, ఎంత పేగు తీసేశారు, కింది భాగం ఎంత మిగిలింది అన్నది సర్జన్ నోట్స్‌లోంచి చూసి చెప్పాలి.

కొలత

ఇరవై నాలుగు గంటల లెక్కకు ఒకే టైమ్ పెట్టుకోండి. మా దగ్గర ఉదయం 8 నుంచి మర్నాడు ఉదయం 8. ఆర్డర్ షీట్ రాసేది రౌండ్స్ తర్వాతే కాబట్టి అప్పటికి నిన్నటి మొత్తం సిద్ధంగా ఉంటుంది.

బ్యాగ్ అంటించిన బిడ్డ అయితే అందులో చేరినదాన్ని సిరంజితో లాగి ఎంఎల్‌లో రాస్తాం, సులువే. మూడోవంతు నిండగానే తీసేయండి, బరువుకు బ్యాగ్ ఊడి పక్క చర్మం ఒరిసిపోతుంది. ఒక కిలో బిడ్డకు మాత్రం బ్యాగ్ నిలవదు. పొట్టే అరచేయంత, దాని మీద కుట్లు, పక్కనే ఇంకో పేగు నోరు. అప్పుడు వాజెలిన్ గాజ్ చుట్టి, పైన కాటన్ ప్యాడ్ వేస్తాం. ఇక్కడే లెక్క తప్పేది. పొడి ప్యాడ్‌ను ముందే తూచి, దాని మీదే పెన్నుతో బరువు రాసి పెట్టండి. తీసిన వెంటనే మళ్లీ తూచి, తేడా రాయండి. ఒక గ్రాము అంటే ఒక ఎంఎల్ అనుకోవచ్చు. తూకం యంత్రం ఒక గ్రాము తేడా చూపించేది అయ్యుండాలి. బిడ్డల్ని తూచే పెద్ద మిషన్ దీనికి పనికిరాదు.

"తీసిన వెంటనే" అన్నది ఊరికే అనలేదు. బిడ్డను వెచ్చగా ఉంచే రేడియంట్ వార్మర్ కింద తడి గాజ్ చూస్తుండగానే ఆరుతుంది. తిరుపతి మే నెల ఎండలో, ఏసీ సరిగా లేని వార్డులో అయితే చెప్పే పనే లేదు. ప్యాడ్‌ను ట్రేలో పెట్టి "తర్వాత తూస్తాలే" అని ఇంకో బిడ్డ దగ్గరికి పోతే, అరగంటకి కొన్ని గ్రాములు గాలిలో కలిసిపోతాయి. పెద్దవాళ్లకు అది లెక్కలోది కాదు. కిలోన్నర బిడ్డకు రోజు మొత్తం మీద అలా పోయినదే పెద్ద తేడా అవుతుంది.

మూత్రం కలవనివ్వకండి. డైపర్ పైఅంచు స్టోమా కిందికి మడిచి, మూత్రానికి వేరే కాటన్ పెట్టండి. కారి బట్ట తడిస్తే ఆ బట్టను కూడా తూచండి, లేదా "లీక్ అయింది, లెక్కకు రాలేదు" అని చార్టులో రాయండి. లీక్ రాయని రోజు మొత్తం తక్కువగా కనిపిస్తుంది, ఆ తక్కువ అంకెను నమ్మి జింకూ సోడియమూ తగ్గించేస్తారు. నాకు ఇది చాలా ముఖ్యమనిపిస్తుంది, చార్టులో ఖాళీ ఉన్నా ఫర్వాలేదు గానీ అబద్ధపు అంకె ఉండకూడదు.

కొన్ని చోట్ల పైస్టోమా నుంచి వచ్చినదాన్ని సిరంజితో తీసి కింది పేగు నోట్లోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. అలా చేసే బిడ్డకు రెండు వరుసలు విడిగా రాయాలి, ఎంత వచ్చింది, ఎంత వెనక్కి ఎక్కించాం అని. వెనక్కి ఎక్కించినదంతా ఒంటికి పట్టిందని అనుకోకూడదు, కానీ పారబోసినదాంతో సమానమూ కాదు.

మొత్తాన్ని బిడ్డ బరువుతో భాగించి, కిలోకి ఎన్ని ఎంఎల్ అన్నది రాయండి. "45 ఎంఎల్ వచ్చింది సార్" అంటే ఎవరికీ ఏమీ తట్టదు. "కిలోకి 25" అంటే రౌండ్స్‌లో తల ఎత్తి చూస్తారు. 30, 40 దాటుతోందంటే నీళ్లు, సోడియం గురించి ఆ పూటే మాట్లాడాలి.

లెక్క

యూరప్ పిల్లల పోషణ సంఘాలు కలిసి 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, టీపీఎన్‌లో జింక్ నెలలు నిండని బిడ్డకు రోజుకు కిలోకి 400 నుంచి 500 మైక్రోగ్రాములు. నెలలు నిండి పుట్టిన బిడ్డకు మూడు నెలల వయసు దాకా 250, అక్కడి నుంచి ఏడాది దాకా 100. ఐలియోస్టమీ నుంచి ఎక్కువగా పోయే బిడ్డకు అవసరం దీనికంటే బాగా ఎక్కువ ఉండొచ్చని, రక్తంలో జింక్ తరచుగా చూడాలని అందులోనే ఉంది.

అదనంగా ఎంత అన్నదానికి డాక్టర్లు ఆధారంగా తీసుకునే పాత కొలతలు కొన్ని ఉన్నాయి. 1979లో టొరంటో డాక్టర్లు టీపీఎన్ మీదున్న పెద్దవాళ్లలో చూసి చెప్పినవి: చిన్న పేగు పైభాగం నుంచి పోయే ప్రతి లీటరుకు సుమారు 12 మిల్లీగ్రాములు, విరేచనం లేదా ఐలియోస్టమీ నుంచి పోయే ప్రతి కిలోకు సుమారు 17. మన బిడ్డల భాషలోకి తెస్తే, ఒక ఎంఎల్‌కు 12 నుంచి 17 మైక్రోగ్రాములు. పెద్దవాళ్ల అంకెలు కాబట్టి పసిబిడ్డ దగ్గర వీటిని మొదటి మెట్టుగానే చూడాలి. ఆ తర్వాత రక్తపరీక్ష, చర్మం, బరువు చెప్పినట్టు నడవాలి.

ఒక బిడ్డను ఊహించుకోండి. నెలలు నిండకుండా పుట్టింది, ఇప్పుడు 1.8 కిలోలు, ఐలియోస్టమీ, రోజుకు 45 ఎంఎల్ పోతోంది.

కిలోకి 400 చొప్పున మామూలు అవసరం 720 మైక్రోగ్రాములు. పెడిట్రేస్ లాంటి పిల్లల ట్రేస్ ఎలిమెంట్ ద్రావణంలో ఒక ఎంఎల్‌కు 250 మైక్రోగ్రాముల జింక్ ఉంటుంది. కిలోకి 1 ఎంఎల్ వేస్తే వచ్చేది 450. అంటే స్టోమా సంగతి ఎత్తకముందే 270 తక్కువ. ఇప్పుడు స్టోమా నష్టం, తక్కువ అంకె 12తో వేసినా 45 ఎంఎల్‌కు 540. రెండూ కలిపితే విడిగా జింక్ ఇంజెక్షన్‌తో వెయ్యాల్సింది 810 మైక్రోగ్రాములు. మొత్తం జింక్ 1260, అంటే కిలోకి 700. "ట్రేస్ ఎలిమెంట్స్, కిలోకి 1 ఎంఎల్" అన్న చోట బిడ్డకు అందేది కిలోకి 250 మాత్రమే. ఈ రెండింటి మధ్య దూరం చూడండి.

ఈ కొరతను తీర్చడానికి ట్రేస్ ఎలిమెంట్ ద్రావణాన్నే రెండు మూడింతలు వేద్దామని కొందరు పీజీలు అడుగుతారు. వద్దు. అందులో మాంగనీస్, రాగి, సెలీనియం కూడా ఉంటాయి, అవీ అంతే రెట్లు పెరుగుతాయి. టీపీఎన్ వల్ల కామెర్లు వచ్చిన బిడ్డలో పైత్యరసం సరిగా దిగదు కాబట్టి మాంగనీస్ బయటికి పోయే దారి మూసుకుని మెదడులో పేరుకుంటుంది. జింక్ కావాలంటే జింక్‌నే విడిగా వెయ్యాలి.

అవుట్‌పుట్ ఒక్క రోజు పెరిగిందని డోసు మార్చక్కర్లేదు, రెండు మూడు రోజుల సగటు చూస్తారు. నీళ్లు, సోడియం మాత్రం అలా ఆగవు, వాటిని ఏ పూటకా పూట నింపాలి. సోడియం తగ్గిన బిడ్డ ఎన్ని కేలరీలు ఇచ్చినా బరువు పెరగదు. బరువు ఆగిపోతే ముందు మూత్రంలో సోడియం పరీక్షకు పంపండి, జింక్ దాని పక్కనే నడిచే రెండో అనుమానం. మూత్రం సరిగా రాని బిడ్డ అయితే, కిడ్నీ సంగతి తేలేదాకా ఈ అదనపు లెక్క వేసే ముందు డాక్టరుకు ఆ విషయం గుర్తు చెయ్యండి.

మైక్రోగ్రామా, మిల్లీగ్రామా

ఇక్కడ నిదానంగా చదవండి. 2006లో అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో, నెలలు నిండకుండా పుట్టిన ఒక బిడ్డ టీపీఎన్‌లో జింక్‌ను డాక్టరు మైక్రోగ్రాముల్లో రాశారు. ఫార్మసీ కంప్యూటర్‌లో అది మిల్లీగ్రాములుగా ఎక్కింది. వెయ్యి రెట్లు. బిడ్డ చనిపోయింది. ద్రావణం కలిపేటప్పుడు జింక్ సిరంజిని పదే పదే నింపాల్సి వచ్చినా చేయి ఆగలేదు.

నోటితో ఇస్తే ఎక్కువైన జింక్‌ను పేగు కొంత ఆపుతుంది. రక్తంలోకి నేరుగా పోయేదానికి ఆ కాపలా లేదు. అందుకే మేము పాటించేవి చెప్తాను. ఆర్డర్‌లో "మైక్రోగ్రామ్" అని పూర్తిగా రాయమని అడుగుతాం, పొట్టి గుర్తులు ఒప్పుకోం. "కిలోకి ఎంత" అన్నదీ, "ఈ బిడ్డకు మొత్తం ఎంత" అన్నదీ రెండూ రాయాలి. వయల్ (ఇంజెక్షన్ మందు సీసా) మీద రాసింది జింక్ బరువా, జింక్ సల్ఫేట్ ఉప్పు బరువా అని చూడాలి. నీటితో కూడిన జింక్ సల్ఫేట్ సుమారు 4.4 మిల్లీగ్రాముల్లో అసలు జింక్ ఒక మిల్లీగ్రామే ఉంటుంది. స్టాక్ మారినప్పుడల్లా బలం మారొచ్చు. ఒక ఎంఎల్‌లో 1 మిల్లీగ్రామ్ జింక్ ఉన్న వయల్ అయితే పైన చెప్పిన 810 మైక్రోగ్రాములకు 0.81 ఎంఎల్ కావాలి, 5 మిల్లీగ్రాములు ఉన్నదైతే 0.16 ఎంఎల్ చాలు. ఇద్దరు విడివిడిగా లెక్క వేసి, అంకెలు కలిస్తేనే సిరంజిలోకి లాగాలి. ఒక్క పసిబిడ్డ బ్యాగ్ కోసం రెండో జింక్ వయల్ పగలగొట్టాల్సి వస్తోందంటే చేతిలోది కింద పెట్టి డాక్టరుకు ఫోన్ చెయ్యండి. ఆయన విసుక్కున్నా సరే.

చర్మం చెప్పేది

వేరే చోట ఐలియోస్టమీ అయి, వారాల తరబడి టీపీఎన్ మీద ఉండి మా దగ్గరికి వచ్చిన ఒక ఆడబిడ్డ ఉంది. డైపర్ జాగాలో ఎర్రగా తోలు లేచిపోయి ఉంది, ఫంగస్ అని క్రీమ్ రాస్తున్నారు, తగ్గలేదు. వాళ్ల అవ్వ మొహం చూసి, "అమ్మవారు పోసింది మా, వేపాకు పెట్టుకోనిస్తారా?" అని అడిగింది. గంగమ్మ జాతర రోజులు, ఆమె భయం ఆమెది. "నీ కొంగుకి కట్టుకో అవ్వా, లోపలికి మాత్రం వద్దు" అన్నాను.

లైటు దగ్గరికి లాగి చూస్తే, కింది పెదవి కింద నుంచి రెండు చెంపల దాకా ఎర్రటి పట్టీ, అంచు గీత గీసినట్టు. దాని మీద పొలుసు, అక్కడక్కడ పక్కు. పై పెదవి మాత్రం శుభ్రంగా ఉంది. వేళ్ల చివర్లలో, గోళ్ల చుట్టూ అదే ఎరుపు. నోటి చుట్టూ, కాళ్లూ చేతుల చివర్లు, డైపర్ జాగా, ఈ మూడూ ఒకేసారి కనిపిస్తే జింక్ అడగండి. అమ్మవారు పోస్తే నీటి పొక్కులు ఒళ్లంతా వస్తాయి, ఇలా గీత గీసుకుని ఆగవు. ఆ బిడ్డకు జింక్ పెంచాక కొద్ది రోజుల్లోనే చర్మం చల్లబడింది, స్టోమా చుట్టూ మానని చోటు కూడా మూసుకుంది. జుట్టు పలచబడటం, అవుట్‌పుట్ ఇంకా పెరగడం, అదే పనిగా ఏడవడం కూడా దీంట్లో భాగమే.

2012 చివర్లో అమెరికాలో జింక్ ఇంజెక్షన్ దేశమంతా దొరక్కపోయినప్పుడు వాషింగ్టన్‌లో నెలలు నిండని బిడ్డలకు సరిగ్గా ఇలాంటి చర్మమే వచ్చింది. సరుకు లేకపోయినా, ఆర్డర్‌లో వరుస లేకపోయినా బిడ్డకు జరిగేది ఒకటే. మీ ఫార్మసీలో జింక్ వయల్స్ అయిపోవస్తున్నాయంటే ఇండెంట్ ముందే పెట్టించండి.

రక్తపరీక్ష పంపేటప్పుడు ట్రేస్ ఎలిమెంట్ ట్యూబ్, ముదురు నీలం మూతది, అడిగి తెచ్చుకోండి. మామూలు ట్యూబ్ మూత రబ్బరు నుంచే జింక్ కలుస్తుంది. టీపీఎన్ పోతున్న లైన్‌లోంచి తీయకండి. మడమ పిండి తీసిన రక్తంలో కణాలు పగిలితే జింక్ ఎక్కువగా చూపిస్తుంది. అదే రోజు సీఆర్‌పీ (ఇన్ఫెక్షన్ ఉంటే పెరిగేది), ఆల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్) కూడా పంపమని అడగండి, ఎందుకంటే ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, ఆల్బుమిన్ తక్కువగా ఉన్నప్పుడు ఒంట్లో జింక్ ఉన్నా రక్తంలో తక్కువే కనిపిస్తుంది. జింక్ రిపోర్ట్ రావడానికి రోజులు పడుతుంది. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఏ ల్యాబ్‌లోనైనా ఆ రోజే వస్తుంది, ఆ ఎంజైమ్‌కి జింక్ కావాలి కాబట్టి వయసుకు తగ్గ దానికంటే తక్కువ వస్తే అది గట్టి సూచన. మామూలుగా వచ్చిందని మాత్రం ఊరుకోకండి, ఎముకలు బలహీనపడిన, నెలలు నిండని బిడ్డలో అది పెరిగి ఉంటుంది, ఆ పెరుగుదల ఈ తగ్గుదలను కప్పేస్తుంది.

పాలు పెరిగి, టీపీఎన్ తగ్గేటప్పుడు

నాకు ఎక్కువ టెన్షన్ ఈ రోజుల్లోనే. పాలు పెంచేకొద్దీ టీపీఎన్ ఎంఎల్‌లు తగ్గిస్తారు, దాంతో పాటే అందులోని జింకూ తగ్గుతుంది. అదే సమయంలో పాలు పట్టడం వల్ల స్టోమా అవుట్‌పుట్ పెరుగుతుంది. ఒక పక్క రాబడి తగ్గి, ఇంకో పక్క ఖర్చు పెరుగుతుంది. అందరూ సంతోషంగా "ఫీడ్స్ బాగా తీసుకుంటోంది" అని రాస్తుంటారు. టీపీఎన్ సగానికి తగ్గిన రోజున "నోటితో జింక్ మొదలుపెడదామా సార్?" అని అడగడం మీ పని అనుకోండి.

ఇంటికి పోయే తల్లికి రెండు సంగతులు చేసి చూపించి పంపండి. సిరంజితో బ్యాగ్‌లోది తీసి నోట్‌బుక్‌లో రాసుకోవడం ఒకటి. జింక్ సిరప్ సీసాను చెకప్‌కి వచ్చేటప్పుడు తేవడం రెండోది. సిరప్‌లు 5 ఎంఎల్‌కు 10 మిల్లీగ్రాములు ఉన్నవీ, 20 ఉన్నవీ దొరుకుతాయి. పలమనేరులో కొన్న సీసా, తిరుపతిలో రాసిన చీటీ ఒకటే బలమని ఎవరూ చెప్పలేరు. ఐరన్ చుక్కలు రాసి ఉంటే రెండూ ఒకే ఉగ్గుగిన్నెలో కలిపి పట్టొద్దని చెప్పండి, మధ్యలో కొంత టైమ్ ఉండాలి. బ్యాగ్ రోజూ కంటే ఎక్కువసార్లు నిండుతున్నా, మాడు గుంట పడినా, డైపర్ పొడిగా ఉన్నా ఆ రాత్రే బయల్దేరి రావాలి. నోటి చుట్టూ ఎరుపు కనిపిస్తే ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, మర్నాడు చూపించుకుంటే చాలు.

స్టోమా మూసేశాక పేగు కదలడం మొదలయ్యేదాకా టీపీఎన్ కొన్నాళ్లు నడుస్తుంది. అప్పుడు కిలోకి ఇచ్చే మామూలు జింక్ ఉండాలి, స్టోమా కోసం కలిపిన అదనపు జింక్ మాత్రం తీసేయాలి. పాత ఆర్డర్‌ను కాపీ చేసి రాసే చోట ఆ వరుస అలాగే ఉండిపోతుంది, రౌండ్స్‌లో వేలు పెట్టి చూపించండి. ఎక్కువ జింక్ చాలాకాలం తీసుకున్న బిడ్డకు, కామెర్ల వల్ల రాగి తగ్గించిన బిడ్డకు రాగి కూడా ఒకసారి చూడమని అడగండి. తెల్లకణాలు పడిపోతూ, ఐరన్ ఇస్తున్నా రక్తం పెరగకపోతే ఆ పరీక్ష అదే వారంలో పోవాలి.